రొమ్ము ఉంచి ఆపరేషన్ చేశాక ఏటా ఏ పరీక్ష: మామోగ్రామా, స్కానా, ఎమ్మారైనా, పెట్ స్కానా?

పోయిన కార్తీకంలో మా పిన్ని గూడూరు నుంచి పినాకిని రైల్లో మా ఇంటికొచ్చింది. మేముండేది చెన్నై పెరంబూర్‌లో. నెల్లూరు, గూడూరు వైపు నుంచి ఆస్పత్రి పనిమీద ఎవరొచ్చినా ముందు మా ఇంట్లోనే దిగుతారు. పిన్నికి కుడి రొమ్ములో గడ్డ తీసి, కీమో ఇచ్చి, కరెంటు (రేడియేషన్) పెట్టి అప్పటికి ఏడు నెలలైంది. డాక్టరుగారు మామోగ్రామ్ రాశారు. ఊళ్లో ల్యాబులో పనిచేసే మేనల్లుడేమో సోనోమామోగ్రామ్ చాలన్నాడట. అల్లుడు మాత్రం పెట్ స్కాన్ తీయించేస్తే టెన్షన్ ఉండదన్నాడు. ఎదురింటావిడ వాళ్ల చెల్లెలికి ఏటా ఎమ్మారై తీస్తారని చెప్పింది.

"ఏది తీయించుకోమంటావమ్మా? డబ్బు సంగతి తర్వాత, మంచిదేదో చెప్పు" అని అడిగింది పిన్ని.

నాకు ఎడమవైపు ఇదే ఆపరేషన్ అయి ఆరేళ్లు దాటింది. ఆమె అడిగిన ప్రశ్న నేనూ అడిగాను. ఎక్కువ ఖర్చయ్యేదే ఎక్కువ మంచిదనుకుని తిరిగాను కూడా. అందుకే తెలిసినంతా కూర్చోబెట్టి చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఇది చదివి మీ డాక్టరుగారి చీటీని పక్కన పెట్టకండి. ఆయన్ని ఏమడగాలో తెలుసుకోవడానికి వాడుకోండి.

ముందు ఒక భయం సంగతి. రొమ్ము మొత్తం తీయకుండా గడ్డవరకే తీశారంటే ఏదో కొంత లోపల మిగిల్చారని చాలామంది ఇళ్లలో అనుకుంటారు. పెట్ స్కాన్ దాకా పరిగెత్తించేది ఆ అనుమానమే. అమెరికాలోనూ, ఇటలీలోని మిలాన్‌లోనూ 1970లలో మొదలుపెట్టి ఇరవై ఏళ్లపాటు ఆడవాళ్లను గమనించిన రెండు పరిశోధనల ఫలితాలు 2002లో వచ్చాయి. గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లూ, రొమ్మంతా తీయించుకున్నవాళ్లూ ప్రాణాలతో ఉండటంలో సమానంగానే ఉన్నారు. తేడా ఒక్కటే. ఉంచిన రొమ్ములో, అదే చోట తిరగబెట్టే అవకాశం కొద్దిగా ఉంటుంది. ఏటా పరీక్ష దాన్ని చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవడానికి.

ఆపరేషన్ అయిన రొమ్ము మామూలు రొమ్ము కాదు

గడ్డ తీసిన చోట మొదట నీరు చేరుతుంది. అది మెల్లగా ఇంకి గట్టి మచ్చగా మారుతుంది. కరెంటు వల్ల చర్మం మందమవుతుంది, రొమ్మంతా కాస్త వాచి ఉంటుంది. ఈ వాపు మొదటి ఆర్నెల్లలో ఎక్కువగా ఉండి, రెండు మూడేళ్లలో తగ్గుతుంది. కొవ్వు దెబ్బతిన్న చోట చిన్న చిన్న నూనె తిత్తులు, కొన్నేళ్లకు సున్నపు చుక్కలు వస్తాయి. ఇవేవీ క్యాన్సర్ కావు. కానీ ఫిల్ములో వీటిలో కొన్ని క్యాన్సర్‌లాగానే కనిపిస్తాయి. నక్షత్రంలా పీచులు పీచులుగా ఉన్న మచ్చకీ, మళ్లీ వచ్చిన గడ్డకీ ఒక్క ఫిల్ము చూసి తేడా చెప్పడం అనుభవమున్న రేడియాలజిస్టుకే కష్టం.

తేడా తెలిసేది పాత ఫిల్ము పక్కన పెట్టినప్పుడే. మచ్చ అయితే ఏడాదికేడాది అలాగే ఉంటుంది, లేదా తగ్గుతుంది. తిరగబెట్టింది అయితే పెరుగుతుంది. అందుకే మన విషయంలో పరీక్షను ఎంచుకునేటప్పుడు మిషను ఎంత కొత్తది అన్నదానికంటే, నిరుటిదానితో పోల్చి చూడటానికి వీలుంటుందా అన్నది పెద్ద ప్రశ్న.

ఇది నాకు తెలిసొచ్చిన తీరు చెప్తాను. రెండో ఏడు, మామూలుగా వెళ్లే చోట తేదీ ఆలస్యమైందని, ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక స్కాన్ సెంటర్‌కి వెళ్లాను. పాత ఫిల్ములు బీరువాలోనే ఉన్నాయి. వాళ్లు అడగలేదు, నేను ఇవ్వలేదు. రిపోర్టులో కుట్లు పడిన చోట అనుమానంగా ఉంది, బైరాడ్స్ 4, ముక్క తీసి పరీక్షకు పంపాలి అని రాశారు. పదకొండు రోజులు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. మా ఆయన రాత్రుళ్లు లేచి హాల్లో కూర్చునేవారు. చివరికి మా సర్జన్‌గారు పాతవన్నీ తెమ్మని, వాళ్ల రేడియాలజిస్టు ముందు వరుసగా పెట్టించారు. అనుమానం అన్న ఆ నీడ కరెంటు తర్వాత తీసిన మొదటి ఫిల్ములోనే ఉంది. పైగా ఇప్పుడు కొంచెం చిన్నదైంది. ముక్క తీయలేదు. ఆర్నెల్ల తర్వాత మళ్లీ చూసి, మచ్చే అని తేల్చారు. ఫిల్ముల సంచి నాతో తీసుకెళ్లి ఉంటే ఆ పదకొండు రోజులు ఉండేవే కావు.

బైరాడ్స్ అంటే రిపోర్టు చివర వేసే అంకె. 1 అంటే ఏమీ లేదు, 2 అంటే ఉన్నది హానిలేనిదే. 3 అంటే దాదాపు హానిలేనిదే, క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండుకి మించదు, కొన్ని నెలలకు మళ్లీ చూద్దాం అని. 4, 5 అంటే ముక్క పరీక్ష కావాలి. సున్నా చూసి చాలామంది సంతోషపడతారు, కంగారుపడేవాళ్లూ ఉన్నారు. అది రెండూ కాదు. సమాచారం చాలలేదు, ఇంకో ఫిల్మో స్కానో, లేదా పాత ఫిల్ములో కావాలి అని అర్థం.

మామోగ్రామ్: దీని చుట్టూనే మిగతావి

ఎవరు ఏం చెప్పినా పునాది ఇదే. రెండు రొమ్ములకూ తీయాలి, ఆపరేషన్ అయిన వైపుకి మాత్రమే కాదు. రెండో రొమ్ములో కొత్తగా వచ్చే అవకాశం మనకు మామూలువాళ్లకంటే ఎక్కువ. మొదటిది కరెంటు అయిపోయాక కనీసం ఆర్నెల్లు ఆగి, ఏడాదిలోపు. అంతకు ముందు తీస్తే వాపు వల్ల ఫిల్ము మసకగా ఉంటుంది, నొప్పీ ఎక్కువ. ఈ మొదటి ఫిల్ముకి చాలా విలువుంది. ముందు ముందు ప్రతి ఏడూ పోల్చేది దీనితోనే. అందుకే ఎక్కడ తీయించుకోవాలో బాగా ఆలోచించుకోవాల్సింది ఈసారే.

ఇందులో మామూలు డిజిటల్, త్రీడీ అని రెండు రకాలు. త్రీడీలో ట్యూబు రొమ్ము మీదుగా విల్లులా కదులుతూ చాలా చిత్రాలు తీస్తుంది, వాటిని పొరలు పొరలుగా చూడొచ్చు. ఒకదానిమీద ఒకటి పడిన కణజాలం గడ్డలా కనిపించి భయపెట్టడం ఇందులో తగ్గుతుంది. మచ్చ ఉన్న రొమ్ముకి ఇది నిజంగా పనికొచ్చేదే. దొరికి, ఖర్చు తట్టుకోగలిగితే త్రీడీకే నా ఓటు. దొరక్కపోతే దిగులుపడకండి. మంచి డిజిటల్ మామోగ్రామ్‌ను అనుభవమున్న కళ్లు పాత ఫిల్ములతో కలిపి చూస్తే, ఒంటరిగా చూసిన త్రీడీ కంటే మేలని నా నమ్మకం.

ఫిల్ము తీసేటప్పుడు పలకల మధ్య రొమ్మును నొక్కితే మచ్చ చిట్లుతుందేమో, ఉన్న జబ్బు పాకుతుందేమో అని పిన్ని భయపడింది. అలా జరగదు. నొప్పి మాత్రం ఉంటుంది, కరెంటు పెట్టిన వైపు ఇంకాస్త ఎక్కువ. తీసే అమ్మాయికి ముందే చెప్తే మెల్లగా నొక్కుతారు. ఎక్స్‌రే సంగతంటారా, ఒక మామోగ్రామ్‌లో పడేది సుమారు 0.4 మిల్లీసీవర్టులు. నేల నుంచి, ఆకాశం నుంచి మన ఒంటిమీద కొన్ని వారాల్లో మామూలుగా పడేదే అంత ఉంటుంది.

సోనోమామోగ్రామ్ అంటే మామోగ్రామ్ కాదు

ఈ ఒక్క పేరు ఎంతమందిని పొరపాటు పట్టించిందో లెక్కలేదు. సోనోమామోగ్రామ్ అంటే రొమ్ముకి చేసే అల్ట్రాసౌండ్, అంతే. కడుపుతో ఉన్నప్పుడు జెల్ రాసి చేసే స్కాన్ లాంటిది. నొప్పి లేదు, రేడియేషన్ లేదు, ఖర్చు తక్కువ. మా పిన్ని మేనల్లుడు చెడ్డ ఉద్దేశంతో చెప్పలేదు. పేరు విని రెండూ ఒకటే అనుకున్నాడు.

స్కాన్‌కి బలాలున్నాయి. చేతికి తగిలేది నీటి తిత్తా గట్టి గడ్డా అన్నది వెంటనే తేలుస్తుంది. చంకలోని బిళ్లలు బాగా కనిపిస్తాయి. ముక్క తీయాల్సి వస్తే సూదికి దారి చూపిస్తుంది. రొమ్ములో కొవ్వు తక్కువై మామోగ్రామ్ తెల్లగా వచ్చేవాళ్లకు మామోగ్రామ్‌లో దాక్కున్న గడ్డను చూపించగలదు. కానీ క్యాన్సర్ మొదట్లో ఇసుక రేణువుల్లా కనిపించే సున్నపు చుక్కలను అది సరిగ్గా పట్టుకోలేదు. పైగా చేసే చేతిని బట్టి ఫలితం ఉంటుంది, నిరుటిదానితో పోల్చడమూ కష్టం. కాబట్టి మామోగ్రామ్‌తో పాటు స్కాన్ అంటే సరే. మామోగ్రామ్ బదులు స్కాన్ అంటే వద్దు. మీ పాత రసీదులు ఒకసారి తీసి చూడండి. రెండు మూడేళ్లుగా సోనో మాత్రమే చేయించుకుని మామోగ్రామ్ అయిందనుకుంటున్నవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఇద్దరున్నారు.

తాకకుండా, నొక్కకుండా వేడిని కొలిచే కెమెరా పరీక్షల ప్రకటనలు కూడా కనిపిస్తుంటాయి. మన ఏటా మామోగ్రామ్ స్థానంలో దాన్ని పెట్టకండి.

ఎమ్మారై: ఎవరికి నిజంగా కావాలి

ఎదురింటావిడ చెప్పింది అబద్ధం కాదు, వాళ్ల చెల్లెలికి అది సరైన సలహానే అయ్యుండొచ్చు. ఆ అమ్మాయికి ముప్పై ఎనిమిదేళ్లకే జబ్బు వచ్చింది. మా పిన్నికి అరవై మూడు.

ఎమ్మారై చాలా నిశితంగా చూస్తుంది. నరంలోకి గడోలినియం అనే మందు ఎక్కించి, రక్తం ఎక్కడ చురుగ్గా పారుతోందో చూస్తారు. మచ్చ పాతబడేకొద్దీ మందు పీల్చుకోదు, కొత్త గడ్డ పీల్చుకుంటుంది. అందుకే మామోగ్రామ్ తేల్చలేని చోట ఇది తేల్చగలదు. కొరియాలో యాభై ఏళ్లలోపు జబ్బు వచ్చి, రొమ్ము ఉంచి ఆపరేషన్ చేయించుకున్న 754 మందిమీద చేసిన పరిశోధన 2017లో వచ్చింది. మామోగ్రామ్ ఒక్కటే అయితే వెయ్యి పరీక్షల్లో సుమారు 4.4 క్యాన్సర్లు దొరికాయి, ఎమ్మారై కలిపితే 8.2. కానీ దాంతోపాటే అనవసరపు అనుమానాలూ పెరిగాయి. అంటే ఏమీ లేనిచోట కూడా మళ్లీ స్కాన్లు, ముక్క పరీక్షలు.

అమెరికా రేడియాలజిస్టుల సంఘం 2018 నుంచి చెప్తున్న మాట ఇది: యాభై ఏళ్లలోపు జబ్బు బయటపడినవాళ్లకు, లేదా రొమ్ము దట్టంగా, అంటే కొవ్వు తక్కువగా ఉన్నవాళ్లకు మామోగ్రామ్‌తో పాటు ఏటా ఎమ్మారై. వంశపారంపర్యంగా ఈ జబ్బు ముప్పు పెంచే బీఆర్‌సీఏ అనే జన్యువులో మార్పు ఉన్నవాళ్లకు కూడా ఇది కావాల్సిందే. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలకంటే చిన్న వయసులోనే ఎక్కువగా వస్తోంది కాబట్టి ఈ మాట మనలో చాలామందికి వర్తిస్తుంది. మీకు వర్తిస్తుందో లేదో తెలుసుకోవడానికి మామోగ్రామ్ రిపోర్టు మొదటి పేరాలో సాంద్రత అని ఎ, బి, సి, డిలలో ఒక అక్షరం వేస్తారు, అది చూడండి. సి, డి అంటే దట్టం. మీది సి గానీ డి గానీ అయినా, లేదా జబ్బు వచ్చినప్పుడు వయసు యాభైలోపే అయినా "నాకు ఎమ్మారై అవసరమా సార్?" అని డాక్టరుగారిని తప్పకుండా అడగండి. సిగ్గుపడకండి, మొహమాటపడకండి.

ఖర్చు మామోగ్రామ్‌కి కొన్ని రెట్లు. బోర్లా పడుకుని అరగంటో, ఇంకాసేపో కదలకుండా ఉండాలి, శబ్దం ఎక్కువ. ఇరుకు గదిలో ఊపిరాడనట్టు ఉండేవాళ్లు ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉన్నా, కిడ్నీల జబ్బున్నా, గర్భంతో ఉన్నా దాచకండి. ఆపరేషన్లో లోపల పెట్టే చిన్న క్లిప్పులు మామూలుగా టైటానియంవి, వాటితో ఇబ్బంది ఉండదు. అయినా డిశ్చార్జి కాగితం చూపించండి. నెలసరి ఇంకా వస్తుంటే ఏడో రోజుకీ పద్నాలుగో రోజుకీ మధ్య తీయించుకుంటే బొమ్మ శుభ్రంగా వస్తుంది. ఎమ్మారై అయిందని మామోగ్రామ్ మానకూడదు. సున్నపు చుక్కల విషయంలో ఇప్పటికీ మామోగ్రామే ముందు.

ఎమ్మారైలో పడుకోలేనివాళ్లకు మధ్యదారి ఒకటుంది. అయోడిన్ మందు నరంలోకి ఎక్కించి తీసే మామోగ్రామ్, పెద్ద ఆస్పత్రుల్లో కొన్నిచోట్ల దొరుకుతుంది. త్వరగా అయిపోతుంది. కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష, అయోడిన్ మందుకి ఎలర్జీ ఉందేమో కనుక్కోవడం మాత్రం తప్పనిసరి.

పెట్ స్కాన్ విషయంలో పిన్ని అల్లుడికి నేను చెప్పింది

అతనితో నేనే ఫోన్లో మాట్లాడాను. అత్తగారిమీద ప్రేమతో అన్నమాట అది, కాదనడానికి మనసొప్పలేదు. కానీ చెప్పాల్సి వచ్చింది: "బాబూ, పెట్ స్కాన్ రొమ్ములో చిన్నదాన్ని వెతకడానికి కాదు. అది ఒంట్లో ఇంకెక్కడైనా పాకిందా అని చూసేది. ఏ బాధా లేని మనిషికి ఏటా తీయించినందువల్ల ఆయుష్షు పెరగదు."

ఇది నా ఊహ కాదు. 1994లో ఇటలీ నుంచి రెండు పెద్ద పరిశోధనలు వచ్చాయి. ఒక్కొక్కదాంట్లో పన్నెండు వందల మందికి పైగా ఆడవాళ్లున్నారు. కొందరికి మామూలుగా డాక్టరు చూడటం, మామోగ్రామ్. మిగతావాళ్లకు వాటితోపాటు ఛాతీ ఎక్స్‌రేలు, ఎముకల స్కాన్లు వంటివి క్రమం తప్పకుండా. బతికి ఉండటంలో రెండు వర్గాలకూ తేడా లేదు. అప్పట్లో పెట్ స్కాన్లు మామూలు వాడుకలో లేవు, నిజమే. కానీ ఇప్పటికీ క్యాన్సర్ డాక్టర్ల సంఘాల సలహా ఇదే: లక్షణాలు లేనప్పుడు పెట్, సీటీ, ఎముకల స్కాన్, సీఏ 15-3 లాంటి రక్తపరీక్షలు మామూలు చెకప్‌లో వద్దు. పెట్‌లో పడే రేడియేషన్ మామోగ్రామ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పాత టీబీ మచ్చో, మామూలు ఇన్ఫెక్షనో కూడా అందులో వెలిగి, ఇంటిల్లిపాదినీ కుదిపేస్తుంది.

లక్షణం ఉంటే లెక్క వేరు. వారాల తరబడి తగ్గని ఎముకల నొప్పి, ఆయాసం, ఆగని తలనొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, కుట్ల దగ్గర కొత్త గట్టితనం, చర్మం ఎర్రబడటం, చనుమొన నుంచి రక్తం, చంకలో బిళ్ల. వీటిలో ఏది కనిపించినా ఏడాది తేదీ కోసం ఎదురుచూడొద్దు. ఆ వారంలోనే వెళ్లండి. అప్పుడు డాక్టరు పెట్ రాస్తే ఆ ఖర్చుకి అర్థముంది. ఆ డబ్బు అప్పటికోసం దాచుకోమని చెప్తే అతను ఒప్పుకున్నాడు.

ఆర్నెల్లకా, ఏడాదికా

కొందరు డాక్టర్లు మొదటి రెండు మూడేళ్లు ఆపరేషన్ అయిన వైపు ఆర్నెల్లకొకసారి తీయిస్తారు, కొందరు మొదటినుంచీ ఏడాదికే. రెండూ నడుస్తున్న పద్ధతులే. మీ డాక్టరు ఏది చెప్తే అది. వీటితోపాటు డాక్టరు చేత్తో చూసే చెకప్ వేరే ఉంటుంది: మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, నాలుగు, ఐదేళ్లలో ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి, ఆపైన ఏటా. స్కాన్ నార్మల్ వచ్చిందని దీన్ని ఎగ్గొట్టకండి.

బ్రిటన్‌లో యాభై దాటిన అయిదు వేల మందికి పైగా ఆడవాళ్లమీద చేసిన పరిశోధన 2025లో అచ్చయింది. ఆపరేషన్ అయి మూడేళ్లు గడిచి ఏమీ లేనివాళ్లకు, రొమ్ము ఉంచినవాళ్లయితే రెండేళ్లకోసారి మామోగ్రామ్ తీసినా ఫలితం తగ్గలేదని అందులో తేలింది. మంచి వార్తే. కానీ అక్కడ ఎప్పుడు రావాలో ఉత్తరం రాసి పిలిచే వ్యవస్థ ఉంది. మనకు గుర్తుచేసేవాళ్లు లేరు. రెండేళ్లు అనుకున్నది నాలుగేళ్లవడం మన ఇళ్లలో తేలిక, పెళ్లో పురుడో అడ్డొస్తుంది. డాక్టరుగారు మీ కేసు చూసి చెప్తే తప్ప ఏడాదికోసారి అన్నదే పట్టుకోండి.

చెన్నైలోనా, మన ఊళ్లోనా

అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ను 1954లో ముత్తులక్ష్మీ రెడ్డిగారు పన్నెండు పడకలతో మొదలుపెట్టినప్పటినుంచీ మనవాళ్లకు క్యాన్సర్ అంటే మద్రాసే గుర్తొస్తుంది. ఇవాళ ఇక్కడ పెద్ద ప్రైవేటు ఆస్పత్రులున్నాయి, వీధికో స్కాన్ సెంటరుంది. అటు తిరుపతిలోనూ క్యాన్సర్ ఆస్పత్రి వచ్చింది. ఏదైనా సరే, ఒక్కచోటే పట్టుకోవాలి. సూళ్లూరుపేట నుంచి లోకల్ రైల్లో వచ్చేవాళ్లకు చెన్నై సులువు. ఒంగోలు నుంచి ఏటా రావడం కష్టమైతే దగ్గర్లో మంచి చోటు చూసుకోండి. ఏటా తప్పకుండా వెళ్లగలిగేదే మీకు సరైన చోటు. ఒకవేళ మారాల్సి వస్తే పాత బొమ్మలు వెంట రావాలి.

బొమ్మలంటే రిపోర్టు కాగితం కాదు, ఫోన్లో తీసిన ఫోటో అసలే కాదు. డైకామ్ అనే రూపంలో సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇమ్మని అడగాలి. రేడియాలజిస్టు దాన్ని తన కంప్యూటర్లో పెద్దది చేసి చూడగలరు. వాట్సాప్‌లో లింకు పంపుతామంటే ఆ లింకు కొన్నాళ్లకు పనిచేయకుండా పోవచ్చు, వచ్చిన రోజే దించుకుని పిల్లల దగ్గరా ఒక కాపీ పెట్టండి.

తేదీ తీసుకునేటప్పుడు ఫోన్లోనే అడగండి: "మామోగ్రామేనా, సోనోనా? త్రీడీ ఉందా? పాత సీడీ తెస్తే పోల్చి రిపోర్టు రాస్తారా?" మూడోదానికి తడబడితే ఇంకో చోటు చూడండి. వెళ్లేరోజు పౌడరు, సెంటు, చంకలో రాసుకునేవి వద్దు, ఆ రేణువులు ఫిల్ములో చుక్కల్లా పడతాయి. ఆపరేషన్ ఏ వైపు, ఏ తేదీన, కరెంటు ఎప్పుడు అయిపోయింది, ఇప్పుడు వాడే మాత్ర ఏది అన్నది ఒక కాగితం మీద రాసి ఫైలు మీద అంటించండి.

పిన్నికి ఆ వారమే రెండువైపులా త్రీడీ మామోగ్రామ్ తీయించాం. కుట్లు పడిన చోట ఇంకా నీరుందేమోనని ఆ వైపు స్కాన్ కూడా చేశారు. సాంద్రత బి, బైరాడ్స్ 2. ఎమ్మారై అవసరం లేదన్నారు. సీడీని పసుపు గుడ్డలో చుట్టి చీరెల పెట్టెలో పెట్టానని మొన్న ఫోన్లో చెప్పింది. అక్కడ కాదు పిన్నీ, ఆస్పత్రి ఫైల్లోనే పెట్టు, వచ్చే కార్తీకంలో వెతుక్కోకుండా ఉంటుందన్నాను.